విద్యుత్ పథంలో తొలి మహిళ : అయ్యలసోమయాజుల లలిత

యర్రగొండపాలెం నుండి దోర్నాల మీదుగా నల్లమల అడవిలో ప్రయాణిస్తే శ్రీశైలం చేరవచ్చు. శ్రీశైలానికి తూర్పు ద్వారంగా పేరొందిన త్రిపురాంతకం కూడా ఈ ప్రాంతంలోనిదే. పూర్వం మల్లికార్జునుని దర్శనం కోసమే ఆ కొండలెక్కేవారు. నేడు అక్కడ కృష్ణవేణి జలం విద్యుత్తుగా మారుతున్నది. కుడిగట్టు విద్యుత్కేంద్రం సామర్థ్యం 770 మెగావాట్లు. ఎడమగట్టు భూగర్భ కేంద్రం సామర్థ్యం 900 మెగావాట్లు. ఇక్కడ బొగ్గు మండదు, పొగ లేవదు. అయితే కొండల్లో పుట్టిన విద్యుత్తు పల్లెలోని దీపాన్ని వెలిగించాలంటే ఎంతో దూరం సురక్షితంగా పయనించాలి. ఆ పయనానికి బాటలు వేసే శాస్త్రాన్నే జీవితకాల కృషిగా స్వీకరించిన తెలుగు మహిళ అయ్యలసోమయాజుల లలిత. భారతదేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఆమె ఒకరు.

లలిత 1919 ఆగస్టు 27న మద్రాసులో ఒక తెలుగు కుటుంబంలో జన్మించారు. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుత్ శాస్త్ర ఆచార్యులు. ఆనాటి ఆచారాన్ని అనుసరించి లలితకు 15 ఏళ్ళకే వివాహం జరిగింది. 1937లో కుమార్తె కలిగింది. పాపకు నాలుగు నెలలు నిండేసరికి భర్త మరణించారు. అప్పటికి ఆమె వయస్సు 18 ఏళ్ళు.

కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించి అప్పటికి అర్ధ శతాబ్దం దాటింది. అయినా భర్తను కోల్పోయిన స్త్రీ ఇంటి మూలకే పరిమితం కావాలన్న భావన సమాజంలో బలంగానే ఉండేది. లలిత ఆ స్థితికి తలవంచలేదు. చదువుకొని, తన కాళ్ళపై తాను నిలబడి, బిడ్డను పెంచుకోవాలని నిశ్చయించుకున్నారు. వైద్య విద్య అభ్యసిస్తే రాత్రివేళల్లో కూడా పసిబిడ్డను విడిచి వెళ్ళవలసి వస్తుంది. కనుక నిర్ణీత పనివేళలు గల ఇంజనీరింగు వృత్తిని ఆమె ఎంచుకున్నారు.

గిండీ కళాశాలలో అంతవరకు స్త్రీలకు ప్రవేశం లేదు. తండ్రి ప్రయత్నం వలన, ప్రిన్సిపాల్ కె.సి. చాకో ఔదార్యం వలన 1940లో ఆమెకు ప్రవేశం లభించింది. తరువాత లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా అనే మరో ఇద్దరు యువతులు అదే కళాశాలలో సివిల్ ఇంజనీరింగులో చేరారు. పట్టా పత్రాలపై పురుషవాచకమే ముద్రితమై ఉండగా, వారి కోసం దానిని కొట్టివేసి స్త్రీవాచకాన్ని చేతితో రాయవలసి వచ్చింది. కలంతో దిద్దిన ఆ ఒక్క మాట విద్యాచరిత్రలో ఒక మలుపునకు సాక్ష్యంగా నిలిచింది.

పట్టభద్రురాలైన పిమ్మట లలిత సిమ్లాలోని కేంద్ర ప్రమాణాల సంస్థలో పనిచేశారు. తరువాత కొంతకాలం తండ్రి పరిశోధనలలో సహాయపడ్డారు. పొగలేని పొయ్యి ఆ పరిశోధనాంశాలలో ఒకటి. కట్టెపొగతో కళ్ళు మండే వంటింటి వెతలు తెలిసిన వారికి దాని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. 1948లో ఆమె కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ సంస్థలో చేరారు. విద్యుత్ సరఫరా మార్గాల రూపకల్పన, సబ్‌స్టేషన్ల నిర్మాణ ప్రణాళిక, రక్షణ పరికరాల అమరిక ఆమె బాధ్యతలు.

ఈ పని ప్రాముఖ్యం గ్రహించాలంటే ఒక సూత్రం తెలియాలి. తీగలో ప్రవహించే విద్యుత్తులో కొంత భాగం వేడిగా మారి వృథా అవుతుంది. ఈ నష్టం ప్రవాహపు వర్గానికి అనులోమంగా ఉంటుంది. వోల్టేజిని పది రెట్లు పెంచితే అంతే శక్తిని పదోవంతు ప్రవాహంతో పంపవచ్చు. అప్పుడు నష్టం నూరోవంతుకు తగ్గుతుంది. అందుకే ఉత్పత్తి కేంద్రం వద్ద ట్రాన్స్‌ఫార్మర్లు వోల్టేజిని పెంచుతాయి. ఊరి దాపున సబ్‌స్టేషన్లు దానిని తగ్గిస్తాయి. పదార్థాల ఎంపిక కూడా ముఖ్యమే. తేలికైన అల్యూమినియం తీగలను బలమైన ఉక్కు తీగ చుట్టూ పేనుతారు. విద్యుత్తు స్తంభంలోకి పాకకుండా పింగాణీ లేదా గాజు బిళ్ళలు అడ్డుకుంటాయి. పిడుగు పడినా, తీగ తెగినా రక్షణ పరికరాలు క్షణంలో ప్రవాహాన్ని ఆపివేస్తాయి.

సట్లెజ్ నదిపై నిర్మించిన, 1963లో జాతికి అంకితమైన భాక్రా ఆనకట్ట జలవిద్యుత్ జనరేటర్ల పనిలోనూ లలిత పాలుపంచుకున్నారు. మూడు దశాబ్దాలపాటు బిడ్డ పెంపకాన్ని, వృత్తిని సమానంగా నిర్వహించారు.

గుర్తింపు ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. లండన్‌లోని ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ 1953లో ఆమెను అసోసియేట్ సభ్యురాలిగా, 1966లో పూర్తి సభ్యురాలిగా స్వీకరించింది. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సమావేశంలో ఆమె పాల్గొన్నారు. 1979లో, అరవయ్యేళ్ళ వయస్సులో కన్నుమూశారు.

నేడు సౌరఫలకాలు, బ్యాటరీలు, హైడ్రోజన్ ఇంధనం మొదలైన రంగాలలో నూతన పదార్థాల కోసం పరిశోధనలు ముమ్మరంగా సాగుతున్నాయి. ఎండ పుష్కలంగా ఉన్న పశ్చిమ ప్రకాశం వంటి మెట్ట ప్రాంతాలకు వాటి అవసరం ఎంతో ఉన్నది. ఆ ప్రయోగశాలలలో ప్రవేశించే యువతికి నేడు పట్టాపై మాటను కొట్టివేసి దిద్దవలసిన అవసరం లేదు. ఆ మార్పు వెనుక, పసిబిడ్డ కోసం పుస్తకం పట్టిన ఒక తల్లి పట్టుదల ఉన్నది.