గుండెలోని సున్నము

బేతంచెర్ల యనగానే నాపబండలు జ్ఞప్తికి వచ్చును. నేలపొరలలో యుగములుగా పేరుకొనిన సున్నపురాతిని తీసి, కోసి, నునుపుచేసి నలుదిక్కులకు పంపు ఊరది. అచ్చట బండలెత్తు కూలివానికి రొమ్ము బిగబట్టినచో, బరువు మోసిన నొప్పియని కొన్నాళ్లు, గ్యాసని కొన్నాళ్లు సరిపుచ్చుకొనును. కాని ఆ రాతిలోని కాల్షియమే వేరొక రూపమున, క్రొవ్వుతో గూడి, గుండెకు రక్తమిచ్చు నాళముల గోడలలో పేరుకొనుచుండవచ్చును. రాతిదుమ్మునుండి చేరినది కాదది. దేహము తనలోనే కూర్చుకొన్నది. బండనైన కోసి చూడవచ్చును; గుండెను కోసి చూచుట యెట్లు?

ఈ చిక్కు విప్పినది సి.టి. యంత్రము. 1971 అక్టోబరులో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డు నిర్మించిన యంత్రము లండనులో మొదటి రోగి మెదడును చూపెను. ఇందలి గణితమును అంతకుముందే యోచించిన అలన్ కార్మాకుతోపాటు అతనికి 1979లో నోబెల్ బహుమానము లభించెను. ఎక్సురే గొట్టము దేహముచుట్టు తిరుగును; నలుదెసల కొలతలను కంప్యూటరు కూర్చి, కత్తి తాకకయే లోపలి పొరలను చూపును.

అయితే మెదడు కదలదు. గుండె క్షణమైన నిలువదు. తొలి యంత్రమునకు ఒక్క చిత్రము తీయుటకే నిమిషములు పట్టెడిది. 2004 నాటికి ఒక్క చుట్టులో 64 పొరలను తీయు యంత్రములు వచ్చెను. ఊపిరి బిగబట్టిన కొద్ది క్షణములలో గుండెనాళములు కనుపించుట ఆరంభమయ్యెను. 2021లో ఎక్సురే కణములను ఒక్కొక్కటిగా లెక్కించు యంత్రమునకు అమెరికాలో అనుమతి లభించెను.

పరీక్షలు రెండు. మొదటిది నాళములలోని కాల్షియమును లెక్కించును. 1990లో అగాట్‌స్టన్ ఏర్పరచిన కొలమానము దీనికి ఆధారము. రెండవది అయోడిను మందును నరములోని కెక్కించి నాళముల ఇరుకును చూపును. మొదటి పరీక్షలో సున్న వచ్చినంత మాత్రమున నిశ్చింత కూడదు. సున్నముపట్టని మెత్తని క్రొవ్వు దానికి చిక్కదు. రెండవదానికి మూత్రపిండముల స్థితి ముందుగా తెలియవలెను.

స్కాట్లండులో రొమ్ము నొప్పిగల 4146 మందిపై జరిగిన పరిశోధన ఫలితములు 2018లో వెలువడెను. అయిదేండ్లలో హృద్రోగ మరణముగాని గుండెపోటుగాని, సాధారణ వైద్యము పొందినవారిలో నూటికి 3.9, సి.టి. కూడ చేయించుకొన్నవారిలో 2.3 వంతున కలిగెను. కాపాడినది చిత్రము మాత్రమే కాదు. దానిని చూచి వేళకు మొదలిడిన మందులును.

కావున ఈ పరీక్ష నిదానముగా ముంచుకొనివచ్చు వ్యాధికి ముందుచూపు. రొమ్ము బరువెక్కి, చెమటపట్టి, నొప్పి ఎడమచేతికి ప్రాకినచో సి.టి.కై వెదకరాదు, తక్షణమే ఇ.సి.జి. తీయు ఆసుపత్రికి చేరవలెను. చీలిన బండను పక్కనబెట్టి మరియొకటి తెచ్చుకొనవచ్చును. గుండెకు ఆ వెసులుబాటు లేదు.