ఎండకాలపు చలి: వృద్ధులకు వచ్చు వణకు

రోహిణి కార్తెలో ఒంగోలు వీధులు మిట్టమధ్యాహ్నమునకు నిర్మానుష్యమగును. ఎండ 40 డిగ్రీల సెంటిగ్రేడు దాటును; ప్రొద్దుగూకిన పిమ్మట కూడ గోడలు వేడిని విడుచుచునే యుండును. అట్టి దినమున 70 ఏండ్లు దాటిన ముసలివారొకరు ఉన్నట్లుండి దుప్పటి కప్పుమందురు. ఒకటి చాలదు, రెండవది అడుగుదురు. పండ్లు టకటక కొట్టుకొనును. నులకమంచము సైతము కదలును. ఇంటివారు నుదుటిపై చేయి వేసి చూచి, "ఒళ్లు చల్లగానే యున్నది, జ్వరము లేదు" అని స్థిమితపడుదురు. అరగంటకు వణకు సద్దుమణగును. ఎండదెబ్బ యనియో, నీరసమనియో, వయసు పైబడినదనియో చెప్పుకొని ఆ సంగతి విడిచిపెట్టుదురు.

విడిచిపెట్టదగిన సంగతి కాదది. ఆ అరగంటలో దేహములో ఏమి జరిగినదో తెలిసికొన్నచో, ఆ పూటనే వైద్యునికి ఏల చూపవలెనో కూడ తెలియగలదు.

దేహపు వేడిని ఒక మట్టమున నిలుపునది మెదడు అడుగున నున్న హైపోథాలమస్ అను చిన్న భాగము. దాని పని ఇస్త్రీపెట్టెకుండు మీట పనిని పోలినది. మీటను పట్టుబట్టల గుర్తువద్ద నుంచినపుడు పెట్టె కొంత వేడెక్కి ఆగిపోవును. దానినే నూలుబట్టల గుర్తునకు త్రిప్పినచో, అంతవరకు చాలిన వేడి చాలనిదగును; దీపము వెలిగి పెట్టె మరల కాగుట మొదలిడును. పెట్టె చల్లబడలేదు, గుర్తు మారినది. సూక్ష్మజీవులు రక్తములో ప్రవేశించినపుడు జరుగునదియు నిదే. వానిని ఎదుర్కొను తెల్లకణములు కొన్ని ద్రవ్యములను వెలువరించును. వాని ప్రేరణచే ప్రోస్టాగ్లాండిన్ అను పదార్థము పుట్టి, హైపోథాలమస్ గుర్తును 98.4 డిగ్రీల ఫారన్‌హీటు నుండి 102కో 103కో జరుపును. అంతవరకు సరిపోయిన రక్తపు వేడి అప్పుడు మెదడునకు చన్నీళ్లవలె తోచును.

చలి తోచిన మెదడు రెండు పనులు చేయును. చర్మములోని రక్తనాళములను బిగించి వేడిని బయటికి పోనీయదు. అందుచేతనే నుదురు, చేతులు, పాదములు చల్లగా తగులును. లోపల వేడి పెరుగుచుండగా పైచర్మము చల్లబడుట వింతయే గాని, చేయి వేసి చూచువారిని మోసగించునది ఇదియే. రెండవ పని కండరములను వడివడిగా బిగించి వదలుట. వణకు అనగా నిదే. పరుగెత్తినవానికి ఒళ్లు వేడెక్కినట్లే, పరుండినవానికి వణకుచే వేడి పుట్టును. తీవ్రమైన వణకులో ఈ ఉష్ణము విశ్రాంతిలో పుట్టుదానికి కొన్ని రెట్లుండును. ముసలి గుండెకిది చిన్న శ్రమ కాదు. ఆస్పిరిన్ వంటి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్ తయారీని అడ్డగించునని ఇంగ్లండులో జాన్ వేన్ 1971లో చూపెను. అట్టి మాత్ర గుర్తును వెనుకకు త్రిప్పునే గాని సూక్ష్మజీవిని చంపదు.

తెలుగువారు చలిని, జ్వరమును కలిపి చలిజ్వరమను ఒకే మాట చేసికొన్నారు. ఆ మాట వినగానే మలేరియా స్ఫురించును. దానికి కారణము లేకపోలేదు. దోమ కడుపులో ఆ క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న చూచినది సికింద్రాబాదులోనే. 1947 నాటికి భారతదేశమున ఏటా 7.5 కోట్ల మందికి ఈ వ్యాధి సోకుచుండెనని అంచనా. 1953లో మొదలైన డి.డి.టి. కార్యక్రమముచే 1965 నాటికి అది లక్షకు దిగి, 1976లో మరల 64 లక్షలకు ఎగసినది. నేడు ఆంధ్రప్రదేశములో మలేరియా పెక్కువంతు మన్యపు ప్రాంతములలో కనబడును. ఒంగోలు మైదానమున వృద్ధులకు వచ్చు చలికి దానినొక్కదానినే కారణముగా నెంచరాదు. పరీక్షలో మలేరియా లేదని తేలినంత మాత్రమున గండము గడచినదనుటయు సరికాదు.

వృద్ధులలో ఈ వణకునకు మూలము తరచుగా మూత్రమార్గమున నుండును. ప్రొస్టేటు గ్రంథి పెరిగిన పురుషులకు మూత్రము పూర్తిగా వెడలక నిలిచిపోవును. అందు సూక్ష్మజీవులు పెరుగును. మిరపకోతలకు, పత్తితీతలకు పోవు స్త్రీలు చేలలో మరుగు లేక, పగలంతయు నీరు తక్కువ త్రాగి మూత్రము బిగబట్టుకొనుట కలదు, అదియు కీడే. ఊపిరితిత్తుల వాపు, పిత్తాశయములోని రాళ్లు, మానని కాలిపుండు ఇతర మూలములు. బోదకాలు ఉన్నవారికి గజ్జలలో బిళ్ల కట్టి, కాలు ఎర్రబారి చలి వచ్చుట కోస్తా జిల్లాలవారు ఎరిగినదే. పొదలలో నుండు కంటికానని చిన్న పురుగు కుట్టుటచే వచ్చు స్క్రబ్ టైఫస్ మరియొకటి. కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్లు నల్లని పెచ్చు కట్టవచ్చును. అది చంకలోనో గజ్జలోనో దాగియుండును గనుక వెదకి చూడవలెను. దీనికి వాడు డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబపు మందు. ఆ కుటుంబమున మొదటిదగు ఆరియోమైసిన్ 1948లో వెలువడినది, భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన అమెరికా పరిశోధనశాల నుండియే.

అన్ని చలులును ఒక్కటి కావు. జపానులోని ఒకినావాలో ఆసుపత్రికి జ్వరముతో వచ్చిన 526 మందిని పరిశీలించి అచటి వైద్యులు 2005లో ఒక వ్యాసము ప్రచురించిరి. పైన మరొక వస్త్రమున్న చాలుననిపించు చలి, దళసరి దుప్పటి కావలెననిపించు చలి, దుప్పటి కప్పినను ఒళ్లంతయు వణకించు చలి అని మూడు తరగతులు చేసిరి. చలి లేనివారితో పోల్చిన, మూడవ తరగతివారి రక్తములో బాక్టీరియా ఉండుట సుమారు 12 రెట్లు అధికమని తేలినది. యంత్రమేదియు లేక, ఒక్క దుప్పటితో దొరకిన కొలమానమిది!

ఇక థర్మామీటరు మాట. వణకు మొదలైన క్షణమున వేడి ఇంకను పెరిగియుండదు; కావున అప్పుడు 98 కనబడిన, అరగంటకొకసారి, గంటకొకసారి మరల చూడవలెను. మరియు వయసు మీరినవారి సహజమైన వేడి కొంత తక్కువ. సాధారణముగా 97 డిగ్రీలుండు అవ్వకు 99.2 వచ్చినదనుకొందము. "ఏమంత లేదు" అందురు. పెరిగినది 2.2 డిగ్రీలు. 98.4 గల మనుమనికి అంతే పెరిగినచో 100.6 అగును, దానిని జ్వరమని అందరును ఒప్పుకొందురు. ఇంటి పెద్దలు ఆరోగ్యముగా నున్నప్పుడే ఒక వారము వారి వేడిని కొలిచి వ్రాసియుంచుట విద్యార్థులు చేయదగిన పని. రక్షణకణముల స్పందన మందగించుటచే తీవ్రరోగములో సైతము కొందరు వృద్ధులకు జ్వరమే రాదు. అట్టి దేహము మంచము కదలునంతగా వణకినపుడు, థర్మామీటరు కంటె ఆ వణకునే నమ్మవలెను.

చలి లేని వణకులు వేరు. గ్లాసు పట్టుకొన్నపుడు చేయి వణకుట, విశ్రాంతిలో వ్రేళ్లు మాత్రలు చుట్టినట్లు కదలు పార్కిన్సన్ వ్యాధి నెలల తరబడి మెల్లగా వచ్చునవి. మధుమేహమునకు మందు వాడువారికి చెమటతో కూడిన వణకు వచ్చిన, రక్తములో చక్కెర తగ్గినదేమో వెంటనే చూడవలెను. తెలివిగా నున్నచో చక్కెర నీరు త్రాగింపవలెను.

వణకుచుండగా తడిగుడ్డతో తుడువరాదు. చర్మము చల్లబడిన కొలది వణకు హెచ్చును. పలుచని దుప్పటి కప్పి, ఊపిరి లెక్కింపవలెను. నిమిషమునకు 22గాని అంతకు మించిగాని యున్నను, మాట తడబడినను, మనుష్యులను పోల్చలేకున్నను, మూత్రము తగ్గినను తెల్లవారువరకు ఆగరాదు. 108 వాహనమును పిలువవలెను. దుకాణములో అడిగి తెచ్చిన రెండు యాంటీబయాటిక్ మాత్రలు రోగమును తీర్చకపోగా, రక్తపరీక్షలో సూక్ష్మజీవి దొరకకుండ చేయును.

వణకు నిలిచిన కొంతసేపటికి ఒళ్లు కాలి, తరువాత చెమట పట్టును. గుర్తు మరల క్రిందికి దిగినదనుటకు అది చిహ్నము. రోగి దుప్పటి తన్నివేసి నిద్రించును, ఇంటివారు గండము గడచినదందురు. మలేరియా అయినచో ఎర్ర రక్తకణములలో క్రిములు మరల పెరుగుచునే యుండును. 48 గంటలకు అవి పగిలినపుడు, మూడవనాడు ఇంచుమించు అదే వేళకు, దుప్పటి మరల కావలసివచ్చును. రక్తములో బాక్టీరియా అయినచో అంత వ్యవధి యైనను ఉండకపోవచ్చును.