రాగి పోయింది... కబురు చెప్పేదెవరు?

అనంతపురం: ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె కింద నూనె మడుగు కట్టి వుంటుంది. పక్కనే ఉత్త డొక్కు బోర్లా పడి వుంటుంది. లోపలి రాగి చుట్ట వుండదు. తెల్లవారి మోటారు వేద్దామని పోయిన రైతు నెత్తిన చెయ్యి పెట్టుకుని అక్కడే కూలబడతాడు. బోరుబావుల మీద బతికే జిల్లా పల్లెలకు ఈ దృశ్యం కొత్తది కాదు.

పోయేది కరెంటోళ్ల సొత్తే కదా అనుకుంటే పొరపాటు. ఆ ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ కింద వున్న మోటార్లన్నీ ఆగిపోతాయి. మళ్లీ కొత్తది బిగించేదాకా చీనీ చెట్లు కొన్నాళ్లు తాళుతాయేమో గాని, పూతకొచ్చిన టమోటా మడి తాళదు.

ఇది చప్పుడు లేకుండా జరిగే దొంగతనం కాదు. సరఫరా ఆపాలి, బరువైన డబ్బాను దిమ్మె మీద నుంచి పడదొయ్యాలి, నూనె వంచాలి, చుట్ట ఊడబెరకాలి, దాన్ని మోసుకుపోవడానికి బండి కావాలి. ఇదంతా ఒక్క నిమిషంలో అయ్యే పని కాదు. కుక్కలు మొరుగుతాయి. వేళ కాని వేళ దోవన బండి పోతుంది. తోట కాపలా వున్న వాడికి దూరాన బ్యాటరీ వెలుతురు కనబడుతుంది.

మర్నాడు టీ అంగడి దగ్గర ఈ కబుర్లన్నీ బయటికి వస్తాయి. ‘రాత్రి పన్నెండప్పుడు ఆటో ఒకటి వంక దిగి పోయిందన్నా’ అని ఒకడంటాడు. ‘మరి అప్పుడే చెప్పలేదేమిరా?’ అంటే ‘మనకెందుకొచ్చిన గొడవలే అనుకున్యా’ అంటాడు. అప్పటికి రాగి కరిగిపోయి వుంటుంది.

ఆ మనిషిని తప్పు పట్టడం తేలిక. అతని భయాలు మాత్రం ఉత్తవి కావు. చెప్పినవాణ్ణే స్టేషనులో కూర్చోబెడతారేమో, సాక్షి అంటూ కోర్టు చుట్టూ తిప్పుతారేమో అని ఒక బెంగ. దొంగ పక్క ఊరివాడో, మన వీధివాడో అయితే పేరు బయటపడి పగ మిగులుతుందని ఇంకొక బెంగ. కబురు చెప్పినవాడి పేరు స్టేషను గడప దాటకుండా చూడవలసింది పోలీసులే. అది జరగని చోట ఎన్ని సభలు పెట్టి చెప్పినా జనం నోరు విప్పరు.

వెనకటి రోజుల్లో ఈ పని ఎవరిదో అందరికీ తెలుసు. తలారి రాత్రిళ్లు ఊరు తిరిగేవాడు, కొత్త మనిషి కనబడితే ఆరా తీసేవాడు. మునసబు రిపోర్టు రాసి స్టేషనుకు పంపేవాడు. 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం మునసబు, కరణాల పదవులు రద్దు చేసింది. ఆ పద్ధతిలో పెత్తనాలు, అన్యాయాలు చాలా వుండేవి కనుక పోయినందుకు ఏడ్చినవారు తక్కువే. తలారి పేరు మారి రెవిన్యూ ఆఫీసు పనుల్లో పడ్డాడు. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చి, మహిళా పోలీసులను వేశారు. అయినా అర్ధరాత్రి వంక దిగిన ఆటోను సచివాలయం చూడలేదు కదా. చూసేది ఊరివాడే.

చట్టం కూడా ఆ మాటే చెబుతోంది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 34వ సెక్షన్ గ్రామోద్యోగి మీదనే కాదు, గ్రామంలో కాపురమున్న ప్రతి మనిషి మీదా ఈ బాధ్యత పెట్టింది. దొంగసొత్తు కొనడంలో పేరుమోసినవాడు ఊళ్లోగాని, దగ్గరలోగాని మకాం వున్నా, జామీను హక్కుగా దొరకని నేరం జరిగినా, జరగబోతున్నదని తెలిసినా వెంటనే స్టేషనుకు తెలపాలి. ఇది కొత్తగా పుట్టిన మాట కాదు. 1973 నాటి పాత చట్టంలోనూ 40వ సెక్షన్‌గా వుండేది. రాగి కొనే గుజిరీ అంగడి సంగతి తెలిసి కూడా ఊరకుండడం దీని కిందికే వస్తుంది. విద్యుత్ సామాను దొంగిలించినా, దొంగసొత్తని తెలిసి దాచినా 2003 విద్యుత్ చట్టం 136వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఫిర్యాదుకు చదువు రానక్కరలేదు. నోటితో చెబితే స్టేషనులో రాసుకుని, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. ‘ఇది మా పరిధి కాదు’ అని తిప్పి పంపరాదు. తీసుకోకపోతే అదే సంగతి రాసి జిల్లా ఎస్.పి.కి పోస్టులో పంపవచ్చు. రాత్రి వేళ 112కు ఫోను చేస్తే చాలు.

పడిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి మాత్రం తొందరపడి పోరాదు. పైన లైనులో కరెంటు వుండవచ్చు. ముందు లైన్‌మన్‌కు చెప్పి సరఫరా ఆపించాలి. కాలిజాడలు, బండి చక్రాల గుర్తులు తొక్కి చెరపకూడదు. అనుమానం మీద ఎవరినో పట్టి చెట్టుకు కట్టి కొడితే, మర్నాడు కేసు కొట్టినవారి మీదే పడుతుంది.

ఇంతకీ టీ అంగడి దగ్గర నోరు జారినవాడికి ఆటో రంగు గుర్తుంది, పోయిన దోవ గుర్తుంది. స్టేషనుకు పోదాం రమ్మంటే, ‘నువ్వు పో అన్నా, నా పేరు మాత్రం చెప్పద్దు’ అంటాడు.