ఢిల్లీకి లేని చట్టం... జిల్లాకు ఉంది!

ఏ రాష్ట్రానికి ఎన్ని కోట్లు, ఏ పథకానికి పచ్చజెండా... అరవై ఏళ్లకు పైగా ముఖ్యమంత్రులు సైతం ఢిల్లీ వెళ్లి ప్రణాళికా సంఘం ముందు లెక్కలు చెప్పుకునేవారు. అంతటి సంస్థ గురించి రాజ్యాంగంలో వెతికితే ఒక్క ముక్కా కనిపించదు. పార్లమెంటు చేసిన చట్టమూ లేదు!

1950 మార్చి 15న కేంద్ర ప్రభుత్వం చేసిన తీర్మానమే దాని పుట్టుకకు ఆధారం. ప్రధాని నెహ్రూ దానికి అధ్యక్షుడు. అది మంత్రివర్గానికి పోటీగా తయారవుతుందన్నది అప్పటి ఆర్థికమంత్రి జాన్ మత్తాయ్ అభ్యంతరం. ఆ ఏడాదే ఆయన రాజీనామా చేశారు.

అలాగని ప్రణాళిక ఊసే రాజ్యాంగంలో లేదనుకోవద్దు. ఉమ్మడి జాబితాలోని 20వ అంశం 'ఆర్థిక, సామాజిక ప్రణాళిక'. అంటే కేంద్రమూ రాష్ట్రాలూ దీనిపై చట్టం చేయొచ్చు. పంచవర్ష ప్రణాళికల కోసం కేంద్రం మాత్రం అలాంటి చట్టమేదీ తేలేదు. అందుకే రద్దూ తేలికైంది. 2015 జనవరి 1న మరో తీర్మానంతో నీతి ఆయోగ్ వచ్చింది. 2017 మార్చితో 12వ ప్రణాళిక ముగిసింది. 13వది రాలేదు. చట్టమే ఉండుంటే, దాన్ని రద్దు చేయడానికి పార్లమెంటులో బిల్లు పెట్టాల్సి వచ్చేది.

మన గడప దగ్గరే...
రాజ్యాంగం ఉండితీరాలన్న ప్రణాళికా సంస్థ ఒకటుంది. అదే జిల్లా ప్రణాళికా కమిటీ. 74వ సవరణతో 1993 జూన్‌లో అమల్లోకి వచ్చిన 243జడ్‌డి అధికరణం దీనికి ఆధారం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2005లో ఇందుకోసం చట్టం కూడా చేసింది.

ఊళ్లూ పట్టణాలూ వేసుకున్న ప్రణాళికలను కలిపి జిల్లా మొత్తానికి ముసాయిదా తయారుచేయడం ఈ కమిటీ పని. ఊరి చెరువు నీళ్లు పక్క పట్టణానికి ఎంత ఇవ్వాలి, రోడ్డు ఎటు వెళ్లాలి, పర్యావరణాన్ని ఎలా కాపాడుకోవాలి... ఇలాంటివన్నీ తేల్చాల్సింది ఇక్కడే. సభ్యుల్లో కనీసం అయిదింట నాలుగొంతుల మందిని జిల్లా పరిషత్తు, మున్సిపాలిటీల సభ్యులు తమలోంచే ఎన్నుకోవాలి.

అసలు మెలిక అక్కడే ఉంది. స్థానిక ఎన్నికలు వాయిదా పడితే ఎన్నుకునేవాళ్లే ఉండరు. ఇక కమిటీ ఎక్కడిది? చట్టం ఉన్నా అది కాగితానికే పరిమితం!

ఈసారి జడ్పీటీసీ అభ్యర్థో, కౌన్సిలర్ అభ్యర్థో మీ ఇంటికి ఓటడగడానికొస్తే ఓ ప్రశ్న వేసి చూడండి... 'జిల్లా ప్రణాళికా కమిటీలో మా ఊరి మాట ఎవరు చెబుతారు?' అని.