సిమెంట్ కంపెనీల కర్బన హామీలు: అపోహలు – వాస్తవాలు

ప్రపంచం గాలిలోకి వదులుతున్న కార్బన్ డయాక్సైడ్‌లో 7–8 శాతం సిమెంట్ తయారీ నుంచే వస్తోంది. మేళ్లచెరువు, జగ్గయ్యపేట, తాండూరు, ఎర్రగుంట్ల, తాడిపత్రి... సున్నపురాయి దొరికే చోటల్లా మనకూ సిమెంట్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. అందుకే ఈ పరిశ్రమ తనంతట తాను ‘తగ్గిస్తాం’ అని ఇస్తున్న హామీలు మనకు దూరపు సంగతి కాదు. వాటిని గుడ్డిగా నమ్మేవాళ్లూ, చదవకుండానే కొట్టిపారేసేవాళ్లూ ఇద్దరూ తొందరపడుతున్నారు.

అపోహ: ‘25 శాతం’ అన్నారంటే గాలిలో కలిసేది 25 శాతం తగ్గినట్టే

2021 అక్టోబరులో గ్లోబల్ సిమెంట్ అండ్ కాంక్రీట్ అసోసియేషన్ తరఫున దాదాపు 40 పెద్ద కంపెనీలు ఒక ప్రణాళిక ప్రకటించాయి. 2020తో పోలిస్తే 2030 నాటికి ఘనమీటరు కాంక్రీటుకు 25 శాతం, టన్ను సిమెంటుకు 20 శాతం కార్బన్ డయాక్సైడ్ తగ్గింపు. 2050కల్లా నెట్ జీరో. ఘనమీటరుకు ఇంత, టన్నుకు ఇంత అన్నదే ఇక్కడ కీలకం. ఒక్కో ఘనమీటరుకు పావు వంతు తగ్గించి, ఉత్పత్తిని మూడో వంతు పెంచారనుకోండి. మొత్తం ఉద్గారాలు మొదట ఎంతో చివరికీ అంతే. మన దేశం ఏటా 40 కోట్ల టన్నులకు పైగా సిమెంట్ తయారు చేస్తూ చైనా తర్వాతి స్థానంలో ఉంది. ఆ అంకె ఇంకా పెరుగుతోంది. ఇల్లు లేనివాళ్లను కట్టుకోవద్దని ఎవరూ అనరు, అనకూడదు కూడా. అయితే టన్ను లెక్క పక్కనే మొత్తం లెక్క కూడా వేసి చూపించమని ప్రతి కంపెనీనీ అడగాలి. అలా చూపించని హామీని నేను సగం హామీగానే లెక్కిస్తాను.

అపోహ: ఫ్యాక్టరీ సోలార్‌కు మారితే చాలు

చాలదు. సున్నపురాయిని బట్టీలో కాల్చితే ఆ రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. శుద్ధమైన సున్నపురాయి 100 టన్నులు కాలిస్తే 44 టన్నులు గాలిలో కలుస్తాయి. సిమెంట్ ఉద్గారాల్లో సగానికి మించిన వాటా ఇదే. కరెంటు ఎక్కడి నుంచి తెచ్చినా ఈ వాటా తగ్గదు. దాన్ని పట్టి దాచే ఏర్పాటు నార్వేలోని బ్రెవిక్ సిమెంట్ ఫ్యాక్టరీలో 2025లో మొదలైంది. ఏటా 4 లక్షల టన్నులు, అంటే ఆ ఫ్యాక్టరీ వదిలేదాంట్లో సుమారు సగం పట్టగలదు. దాని ఖర్చులో పెద్ద భాగం నార్వే ప్రభుత్వం భరించింది. కంపెనీ సంకల్పం ఒక్కటే అయితే అది లేచేది కాదు.

అపోహ: స్వచ్ఛంద హామీలన్నీ కంటితుడుపే

1999లో కొన్ని కంపెనీలు, ఏ చట్టమూ అడగకుండానే, సిమెంట్ సస్టెయినబిలిటీ ఇనిషియేటివ్‌గా జట్టుకట్టి ఉద్గారాలను అందరూ ఒకే పద్ధతిలో లెక్కగట్టే విధానం తయారు చేశాయి. కొలత కుదరనిదే ప్రభుత్వం కూడా హద్దు గీయలేదు కాబట్టి ఆ పని విలువైనది. కానీ మాట తప్పితే జరిమానా లేదు. ఆ లోటు చట్టమే పూడ్చాలి. మన దేశంలో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం 2023లో వచ్చింది. దాని కింద 2025లో సిమెంట్ ఫ్యాక్టరీలకు తప్పనిసరి లక్ష్యాలు పెట్టారు. అవీ టన్ను లెక్కనే.

అపోహ: గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ ఉంటే కట్టడంలోనూ కర్బనం తక్కువే

ఆ సర్టిఫికెట్ కోసం వేసే మార్కుల్లో ఎక్కువ భాగం భవనం వాడకంలో ఆదా అయ్యే కరెంటుకు, నీటికి పోతాయి. సిమెంట్, స్టీలు తయారీలో వెలువడింది గృహప్రవేశానికి ముందే గాలిలో కలిసిపోయింది. దాని లెక్క విడిగా అడగాల్సిందే.

అపోహ: ఇంటికి ఓపీసీ 53 గ్రేడే గట్టిది, పీపీసీ బూడిద కల్తీ

అన్నిటికన్నా నష్టం చేస్తున్న అపోహ ఇది. ఓపీసీ అంటే సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంట్, పీపీసీ అంటే ఫ్లైయాష్ కలిపిన పోర్ట్‌లాండ్ పోజోలానా సిమెంట్. కంపెనీలు ఇచ్చిన మాట నిలబడాలంటే ముందుగా తగ్గాల్సింది క్లింకర్, అంటే బట్టీలో సున్నపురాయిని కాల్చగా వచ్చే గడ్డలు. దాని బదులు రామగుండం, కొత్తగూడెం లాంటి థర్మల్ కేంద్రాల ఫ్లైయాష్ (బొగ్గు బూడిద), విశాఖ ఉక్కు స్లాగ్ కలపాలి. బీఐఎస్ ప్రమాణాల ప్రకారం పీపీసీలో 15–35 శాతం ఫ్లైయాష్, స్లాగ్ సిమెంట్‌లో 25–70 శాతం స్లాగ్ ఉండవచ్చు. ఇది కల్తీ కాదు. ఆ బూడిద సున్నంతో కలిసి నెమ్మదిగా గట్టిపడుతుంది. రంధ్రాలు పూడి, ఉప్పుగాలి, ఉప్పునీరు లోపలి ఇనుముకు చేరడం కష్టమవుతుంది. కోస్తా ఇళ్లకు ఇది పెద్ద మేలు.

మేస్త్రీల అనుమానానికీ ఆధారం లేకపోలేదు. మొదటి రోజుల్లో పీపీసీ బలం ఆలస్యంగా వస్తుంది. తొందరపడి సెంట్రింగ్ విప్పేసి, మూడు రోజులు నీళ్లు చల్లి వదిలేస్తే స్లాబు దెబ్బతింటుంది. ఆ తప్పు సిమెంటు మీదికి నెట్టేస్తారు. కాంక్రీటు పనుల ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఓపీసీకి కనీసం 7 రోజులు, ఇలా కలిపిన సిమెంట్లకు 10 రోజులు తడి ఆరనివ్వకూడదు. వేడి, పొడి వాతావరణంలో అయితే ఓపీసీకి 10, వీటికి 14 రోజులు. మే నెలలో స్లాబు వేయించేవాళ్లు ఆ 14 రోజుల నీళ్ల ట్యాంకర్ ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి.