రహదారి కింది పొలం: పూర్వ వ్యవసాయపు ఆనవాళ్లు

ఉప్పల్ నుంచి నారపల్లి వైపు ఎలివేటెడ్ కారిడార్ స్తంభాల కోసం తీసిన గోతులను మీలో కొందరు బస్సులోంచి చూసే ఉంటారు. అటువంటి గోతి అంచును శ్రద్ధగా గమనించండి. పైన తారు, కంకర. దాని కింద నింపుడు మట్టి. ఇంకా కింద, మొరం తగిలేలోపు, కొన్నిచోట్ల నల్లని బంకమట్టి పొర కనిపించవచ్చు. అది చెరువు ఒండ్రు కావచ్చు, ఒకప్పుడు దున్నిన మడి కావచ్చు. రోడ్డు వేసేవారికి అది తీసి పారవేయవలసిన మెత్తని మట్టి. మనకు అదే దస్తావేజు.

ఈ ప్రాంతంలో మొదటి ఆధారం మట్టిలో కాదు, పేరులోనే ఉంది. దక్కను రెవిన్యూ వ్యవహారంలో భగాయత్ అంటే నీటి వసతి గల తోట భూమి. మూసీ ఒడ్డున ఉన్న ఉప్పల్ భగాయత్ నేడు ఇళ్ల స్థలాల లేఅవుట్. ఉప్పల్ నల్ల చెరువు, నాచారం చెరువు కూడా సాగునీటి చరిత్రకు సాక్ష్యాలే.

నాచారానికి పొరుగున ఉన్న మౌలాలిలో బృహత్ శిలాయుగపు సమాధులను నిజాం కాలంలోనే తవ్వి చూశారు. ఇటువంటి సమాధులు ఎక్కువగా సాగుకు పనికిరాని రాతినేల మీద ఉంటాయి. అందువల్ల అవి మిగిలాయి. ఆ మనుషులు పండించిన పొలాలు ఎక్కడ? వాగు పక్కన, పల్లంలో అని ఊహించడం సమంజసం. ఇప్పుడు రోడ్లూ లేఅవుట్లూ పరుచుకుంటున్నది సరిగ్గా ఆ పల్లంలోనే.

పంట ఆనవాళ్లను పట్టుకునే పద్ధతి చాలా సులువు. పొయ్యిలోనో మంటలోనో మాడిన గింజ బొగ్గుగా మారుతుంది. దాన్ని సూక్ష్మజీవులు తినలేవు. పొరల వారీగా సేకరించిన మట్టిని నీటిలో కలిపితే బొగ్గు గింజలు పైకి తేలుతాయి. సన్నని జల్లెడలో పట్టి, నీడన ఆరబెట్టి, సూక్ష్మదర్శినిలో ఆకారాన్ని బట్టి గుర్తిస్తారు. ఒక్క గింజ చాలు, కార్బన్-14 పద్ధతిలో కాలం తేల్చవచ్చు. కర్నూలు, అనంతపురం ప్రాంతాల నవీన శిలాయుగ స్థలాల్లో ఉలవలు, పెసలు, అండుకొర్రలు ఇలాగే బయటపడ్డాయి. మా తరం కుండపెంకుల కోసం వెతికి, మట్టిని దులిపి పారేసేది. ఆ తప్పు నేనూ చేశాను.

ఇంగ్లండులో కేంబ్రిడ్జ్, హంటింగ్‌డన్‌ల మధ్య ఎ14 రహదారి నిర్మాణానికి ముందు పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపారు. అక్కడ మాడిన చిన్న తునకల్లో క్రీ.పూ. 400 నాటి బీరు తయారీ జాడ దొరికింది. మన 1958 నాటి పురాతన కట్టడాల చట్టం, 2010 సవరణతో, రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాన్ని నిషేధిస్తుంది. ఆపై 200 మీటర్లలో నియంత్రిస్తుంది. జాబితాకెక్కని మడికి ఆ రక్షణ లేదు. నా దృష్టిలో ఇది పెద్ద లోపం. స్తంభం దిగాక ఆ పొరను తిరిగి చదవలేం. ముందే నాలుగు బస్తాల మట్టి తీసి ఉంచితే పనికి పెద్ద ఆటంకమూ కాదు.

అభ్యాసం: మీ ఊరి పొలాల పేర్లను పెద్దలను అడిగి రాసుకోండి. వాటిలో నీటిని, పంటను సూచించేవి ఏవి? ఆ స్థలాల్లో నేడు ఏమున్నది? గోతులను గట్టు మీద నుంచే పరిశీలించండి, లోపలికి దిగవద్దు.