వ్యాధి వ్యాప్తికి గల సాంఘిక కారణములు: సూరతు నగరమున వరాఛా పరిసరముల యనుభవము

ఒక యూర నంటురోగము పొడసూపినప్పుడు ప్రజలు దానికి మందేదని యడుగుదురు. వైద్యులు దానిని కలిగించు సూక్ష్మజీవి యేదని విచారింతురు. ఈ రెండును ఆవశ్యకములే. కాని మునిసిపల్, తాలూకా ఉద్యోగస్థులు విచారింపవలసిన మూడవ ప్రశ్న యొకటి కలదు. ఆ రోగము ఈ వీధికే యేల వచ్చెను, ఆ వీధి కేల పోలేదు? దీనికి సమాధానము సూక్ష్మదర్శినియందు గానరాదు. ఇండ్ల యిరుకునను, కుళాయి దూరమునను, కూలి రేటునను, కచ్చేరి ఉత్తరువులు అమలు జరుగు తీరునను వెదకవలయును. 1994వ సంవత్సరమున సూరతు నగరమున బుట్టిన ప్లేగు దీనికి తగిన నిదర్శనము.

నగరాభివృద్ధి

తపతీనది యొడ్డుననున్న సూరతు పూర్వము ప్రసిద్ధమైన రేవుపట్టణము. 1971వ సంవత్సరపు జనాభా లెక్కలలో నగర జనసంఖ్య సుమారు 4.7 లక్షలు, 1991 నాటికి సుమారు 15 లక్షలు. ఇరువది యేండ్లలో నగరము మూడింతలయ్యెను. రైల్వే స్టేషనుకు తూర్పుననున్న వరాఛాయందు వజ్రములకు సానపట్టు పనికై సౌరాష్ట్రమునుండి జనులు వచ్చి చేరిరి. నగరమందలి మరమగ్గములలో ఒరిస్సా, ఉత్తరప్రదేశము, మహారాష్ట్రములవారును, తెలంగాణమునుండి వచ్చిన మన పద్మశాలీలును పనిచేయుచుండిరి. నేతబట్టయు వజ్రమును దేశాంతరములకు బోయి ధనము దెచ్చెను. కాని పనివాని కొక నీటికుళాయియు, మరుగుదొడ్డియు, మురుగుకాలువయు ఆ వేగముతో రాలేదు. నది ప్రక్క పల్లపు నేలలలో గుడిసెలు లేచెను. ఒక్క గదిలో పలువురు నిద్రించుచుండిరి.

1994వ సంవత్సరపు విపత్తు

ఆ యేడు ఆగస్టు నెలలో మహారాష్ట్రమందలి బీడ్ జిల్లా మామ్లా గ్రామమున గజ్జల ప్లేగు కనబడెను. అంతకు ముందటి యేడు, 1993 సెప్టెంబరు 30వ తేదీన, లాతూరు భూకంపము ఆ ప్రాంతముల గ్రామముల నెన్నిటినో కూల్చియుండెను. సూరతున 1994 సెప్టెంబరులో వానలు హెచ్చి తపతి పొంగెను. నీరు తీసిన పిమ్మట బురదయు, చెత్తయు, పశువుల కళేబరములును పల్లపు పేటలలో నిలిచిపోయెను. ఆ నెల మూడవ వారమున, వరాఛాకు సమీపమున నదీతీరమందున్న వేడ్‌రోడ్డు, కతార్‌గామ్ పేటలలో ఊపిరితిత్తుల ప్లేగు బయటపడెను.

గజ్జల ప్లేగు ఎలుకల మీది గోమారులచే సంక్రమించును. ఊపిరితిత్తుల ప్లేగు మనుష్యుని దగ్గు తుంపరలచే సూటిగా మనుష్యుని జేరును. కావున ఇరుకైన గదియే దానికి బాట. తొలి దినముననే టెట్రాసైక్లిను, స్ట్రెప్టోమైసిను వంటి మందిచ్చినచో రోగి బ్రతుకును; ఆలస్యమైనచో బ్రతుకుట యరుదు. మందు దేశమున నుండెను. అయినను కొలది దినములలోనే లక్షలకొలది జనులు రైళ్లలోను బస్సులలోను నగరమును విడిచిరి. ప్రైవేటు వైద్యులలో ననేకులు గూడ వారితోబాటు వెడలిరి. దేశమంతటను లెక్కకు వచ్చిన యనుమానిత కేసులు 693, మరణములు 56. వ్యాధికంటె భీతియే యెక్కువ దూరము ప్రయాణించెను.

ఈ పలాయనమును అజ్ఞానమని త్రోసివేయరాదు. మగ్గము నిలిచినచో ఆ దినపు కూలి లేదు. పట్టణమున జబ్బు పడినచో కనిపెట్టి చూచువారు లేరు. స్వగ్రామమున నైనచో కప్పును, అన్నమును కలవు. పైగా కచ్చేరి ప్రకటనకు ముందే పుకారు వీధికి జేరెను. ఇట్టి స్థితిలో నున్న కూలివాడు బండి యెక్కుట వివేకమే యనవలయును.

ఇతర దేశముల వర్తనము

కొన్ని దేశములు భారతదేశమునకు విమానములను నిలిపివేసెను. కొన్ని మన సరకులను నిరాకరించెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇట్టి నిర్బంధములను కోరియుండలేదు. నాటి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రకారము ప్లేగు, కలరా, పచ్చజ్వరము అను మూడు రోగములను మాత్రమే ప్రకటింపవలసియుండెను. నిజము దెలిపిన దేశమునకు నష్టము, దాచిన దేశమునకు లాభము కలుగుచుండినచో ఎవరు తెలుపుదురు? ఈ లోపమును దీర్చుటకై 2005వ సంవత్సరమున నిబంధనలు సవరింపబడి 2007 జూను 15వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. ఏ రోగమైనను అంతర్జాతీయ ప్రమాదము గలిగించునట్టిదైనచో తెలుపవలయుననియు, వర్తకమును నిష్కారణముగా నాటంకపరుపరాదనియు వాని సారాంశము. ఈ న్యాయమే తాలూకాకును వర్తించును. కేసును రిపోర్టు చేసిన గ్రామోద్యోగి చీవాట్లు తినుచుండినచో, మరుసటి కేసు కాగితము మీదికి రాదు.

పరిపాలనచే గలిగిన మార్పు

1995 మే నెలలో శ్రీ ఎస్. ఆర్. రావుగారు సూరతు మునిసిపల్ కమిషనరుగా వచ్చిరి. నగరమును ఆరు మండలములుగా విభజించి, మండలాధికారులకు కమిషనరు అధికారములను పంచియిచ్చిరి. అధికారులందఱు ప్రతి దినము వీధులకు బోయి, పిమ్మట కూడి ఆ దినపు పనిని సమీక్షించుట విధి యయ్యెను. చెత్త ఏ దినమున కా దినమే తీయబడెను. మురికివాడలకు కుళాయిలు, మరుగుదొడ్లు, రాళ్లు పఱచిన సందులు ఏర్పడెను. ఆక్రమణములను తొలగించుటలో ధనికుల కట్టడములకును మినహాయింపు లేకుండెను. 1996వ సంవత్సరమున జరిగిన యొక పరిశీలనలో సూరతు చండీగఢు తరువాత దేశమున రెండవ పరిశుభ్ర నగరమని యెన్నబడెను. గమనింపదగిన విషయ మేమనగా, ప్లేగు నాడును అటుపిమ్మటను అమలుననున్న చట్టము 1949వ సంవత్సరపు బొంబాయి ప్రావిన్షియల్ మునిసిపల్ కార్పొరేషన్ల చట్టమే. మారినది చట్టము గాదు, దానిని నడుపు తీరు.

మన హైదరాబాదునందును ఇట్టిదే జరిగెను. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ వరద వచ్చెను. 1911లో ప్లేగు వ్యాపించెను. 1912లో నగరాభివృద్ధి సంఘము స్థాపింపబడెను. విపత్తు వచ్చిన పిమ్మటనే వీధులను వెడల్పుచేయుటకు ద్రవ్యము దొరకుట మన పరిపాలనకు పాత యలవాటు.

మిగిలియున్న పని

వీధి శుభ్రమైనంత మాత్రమున పని ముగియదు. వజ్రపు కార్ఖానాలలో ఘంటి యను సానబల్ల చుట్టు నలుగురు పనివారు మోకాళ్లు తాకునట్లు కూర్చుందురు. 2020 జూను, జూలై నెలలలో వరాఛా, కతార్‌గామ్ ప్రాంతముల కార్ఖానాలలో కోవిడు హెచ్చగా వానిని కొంతకాలము మూసివేయవలసి వచ్చెను. దూరముగా నుండుడని చాటింపు వేయుట సులభము. దూరముగా నుండుటకు చోటును, పని మానిన దినమునకు కూలియును ఇచ్చువారెవరు? మనుష్యులు పుట్టి, పెరిగి, పనిచేయు పరిస్థితులే ఆరోగ్యమును నిర్ణయించుచున్నవని, సర్ మైకేల్ మార్మట్ అధ్యక్షుడుగా నుండిన ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషను 2008వ సంవత్సరపు నివేదికలో తేల్చినది.

ఉద్యోగస్థులు గమనింపవలసిన విషయములు

1. కొత్తగా వలసవచ్చిన కూలీల పేటలను, అవి కట్టుబడికి అనుమతి లేనివైనను, నీరు, మరుగుదొడ్ల లెక్కలో చేర్చవలయును. రోగము పట్టా చూచి రాదు.

2. వరద తీసిన దినముననే కళేబరములను, బురదను తొలగించు పనికి మనుష్యులను, బండ్లను ముందుగానే నియమించి యుంచవలయును.

3. ఎలుకలు లెక్కకు మించి చచ్చినను, ఒకే యింట ఇద్దరు జ్వరముతో మరణించినను, ఆ దినమే ఆరోగ్యాధికారికి తెలియవలయును. ప్రైవేటు వైద్యులనుండియు దినసరి వివరములు తెప్పించుకొనవలయును.

4. ప్రకటనలు పేటలోని జనులు మాటలాడు భాషలన్నిటను, పుకారుకంటె ముందుగా వెలువడవలయును.

5. పని నిలిచిన దినములలో కూలివారి కుటుంబములకు బియ్యము, పిండి యందునట్లు ఏర్పాటు చేయవలయును. కడుపు నిండినవాడు పేట విడువడు. విడువనివాడు రోగమును మోసికొనిపోడు.

ఇవి వైద్యశాలలో జరుగు పనులు కావు, మీ కచ్చేరులలో జరుగవలసినవి. రోగము లేని నాడే వీనిని నెరవేర్చినచో, అది వచ్చిన నాడు వైద్యుని మందు పనిచేయుటకు వ్యవధి చిక్కును.